గుండెకు పట్టిన సున్నం

హోల్ట్, సెల్ లోయ
నవంబరు 4, 2018

ఒరే గిస్లీ,

అరవయ్యో పుట్టినరోజుకు అక్కకు ఎవరైనా ఉన్ని శాలువా పంపుతారు, లేదంటే విస్కీ సీసా పంపుతారు. నువ్వు మాత్రం డెన్మార్క్‌లో కూర్చుని, గుండెకు ఫోటో తీయించుకోమని రెయ్‌క్యావిక్‌లో టైము తీసుకుని చీటీ పంపావు. ముందే చెల్లించేసిన బహుమతిని వదులుకోవడం మన ఇంటావంటా లేదు కాబట్టి వెళ్ళి వచ్చాను. పళ్ళ డాక్టరు పని కూడా అదే ప్రయాణంలో అయిపోయింది.

నిన్న ఫలితం చెప్పడానికి ఎవరో అమ్మాయి ఫోను చేసింది. "హల్డోరా, కూర్చునే ఉన్నారా?" అని చాలా మర్యాదగా అడిగింది. "లేదమ్మా, గొర్రె కాలు పట్టుకుని ఉన్నా, చెప్పు" అన్నాను. ఏడు వందల ఎనభై అంది. బళ్ళో లెక్కల్లో నాకు ఎప్పుడూ అన్ని మార్కులు రాలేదు. గుండెకు రక్తం మోసే నాళాల గోడల్లో పేరుకున్న సున్నానికి ఇది కొలత అట. సున్నా వస్తే సంతోషమట, నాలుగు వందలు దాటితే చాలా ఎక్కువట. ఆ పిల్ల మర్యాద ఎందుకో అప్పుడు అర్థమైంది.

నాకేమిటిరా ఇది? జన్మలో సిగరెట్టు ముట్టలేదు. రక్తపోటు చూసినప్పుడల్లా నర్సు "మా కూతురిక్కూడా ఇంత బాగుండదు" అంటుంది. నాన్న తర్వాత ఈ లోయకు కొండరాణిని నేనే అన్న సంగతి మరిచిపోకు. వేసవంతా కొండల మీద తిరిగిన గొర్రెలను సెప్టెంబరులో కిందికి మళ్ళించేటప్పుడు అందరికంటే పైన, మంచు అంచున నడిచే వరుస నాది. మొన్న మళ్ళింపులో పక్క పొలం స్టెయినార్ నా వెనకాల రొప్పుతూ "కాస్త ఆగు తల్లీ, నీకు పుణ్యముంటుంది" అన్నాడు. అతను నాకంటే పదేళ్ళు చిన్న.

నువ్వేమీ కంగారు పడకు. ఫోను మాత్రం చెయ్యకు. అమ్మ పోయినప్పుడు ఫోనులో మనం అనుకున్న మాటలు ఈ జన్మకు చాలు. కాగితం మీదైతే ఎంత అరిచినా వినపడదు.

నీ సున్నపు అక్క,
హల్డోరా


ఆర్హూస్
నవంబరు 15

అక్కా,

నీ ఉత్తరం దుకాణంలోనే చదివాను. చేతిలో ఉన్న సైకిలు చక్రం జారి కాలి మీద పడింది. నీకు నవ్వులాటగా ఉంది కానీ ఏడు వందల ఎనభై అంటే ఏమిటో నీకు తెలియదు. నాన్న గడ్డిమోపు ఎత్తుతూ పడిపోయిన రోజు పొద్దున కూడా లోయంతా ఆయన్ని ఎద్దులాంటి మనిషనే అంది. అప్పటికి ఆయనకు యాభై ఎనిమిది. వచ్చే ఏడు నాకు అదే వయసు వస్తుంది.

చెప్పిన మాట విను. గడ్డి మూటలు ఎత్తకు. గుర్రం ఎక్కకు. ఒంటరిగా కొండ వైపు పోకు. వచ్చే సెప్టెంబరుకు కొండరాణిగా ఉండలేనని స్టెయినార్‌తో ఇప్పుడే చెప్పేస్తే వాళ్ళు ఇంకెవరినైనా చూసుకుంటారు. ఆ బల్ల మీద పడుకున్నప్పుడు, గుండ్రటి యంత్రం గుయ్యిమని తిరుగుతుంటే, ఊపిరి బిగబట్టమని ఆ రికార్డు గొంతు చెప్పినప్పుడైనా నీకు ఇది ఆట కాదని తెలిసి ఉండాలి. రాత్రి ఎడమవైపు తిరిగి పడుకోకు. దిండులోంచి గుండె చప్పుడు చెవిలోకి వస్తుంది, ఇక తెల్లారే దాకా కునుకుండదు.

కిర్‌స్టెన్ నిన్ను అడిగానని చెప్పమంది. భార్యే అయినా తనకు నీ విషయం చెప్పలేదు. నా మోకాలు అలాగే ఉంది, సైకిలు తొక్కనివ్వడం లేదు.

నీ తమ్ముడు
గిస్లీ


హోల్ట్
డిసెంబరు 9

గిస్లీ,

నీ ఉత్తరం చదివాక నాకు నిజంగానే భయం పట్టుకుంది. ఉపకారం చేశావు.

మన ఆరోగ్య కేంద్రంలో ఇప్పుడు ఉన్నుర్ అని కొత్త డాక్టరు. ఆ పిల్లకు గుర్రం ఎక్కడం నేర్పింది నేనే, నా మీద అరిచే హక్కు ఉందనుకుంటుంది. నన్ను అక్యురేరి ఆసుపత్రికి పంపి, కదిలే పట్టీ మీద పరుగెత్తించి, ఒంటినిండా తీగలు తగిలించి చూపించింది. అందులో ఏ లోపమూ లేదు.

"ఇది రేపు పోతావని చెప్పే చీటీ కాదు హల్డోరా" అంది. "ఇన్నేళ్ళుగా గోడల్లో పడ్డ మచ్చల లెక్క, అంతే. తేలిగ్గా తీసుకోమనట్లేదు. రోజూ మాత్ర వేసుకో. నడువు, కొండెక్కు. ఛాతీ మీద బరువు పెట్టినట్టున్నా, ఊపిరాడకపోయినా మాత్రం గొర్రెల్ని గాలికొదిలేసి నూట పన్నెండుకి ఫోన్ కొట్టు."

"మాత్ర వేసుకుంటే అంకె తగ్గుతుందా?"

"తగ్గదు. పెరిగినా పెరుగుద్ది. మెత్తటి మచ్చ గట్టిపడితే సున్నం ఎక్కువ కనపడుద్ది, గట్టిపడటమే మనకి మంచిది. అందుకే మళ్ళీ ఫోటో కోసం పరిగెత్తకు."

"మంచి జరిగితే అంకె పెరుగుతుందా! ఏం చదువే నీది?" అన్నాను. నవ్వి పంపేసింది.

నేను నవ్వలేకపోయాను గిస్లీ. నీకు కాక ఎవరికి చెప్పుకోను? ఏ పని చేస్తున్నా కుడిచేతి వేళ్ళు ఎడమ మణికట్టు మీదికి పోతున్నాయి. పొట్టేళ్ళను గొర్రెల్లోకి వదిలే రోజులు కదా, కొట్టంలో పొట్టేలును ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో నాడి చూసుకుంటున్నాను. పొట్టేలు కూడా విచిత్రంగా చూసింది. ఇంటి వెనక గట్టు సగం ఎక్కి నిన్న వెనక్కి తిరిగి వచ్చేశాను. నొప్పి లేదు, ఆయాసం లేదు. ఏమీ లేకుండానే లోపల ఇంత జరిగింది కదా, ఇక ఒంట్లో దేన్ని నమ్మాలి? నాన్న పోయాక ఇంత భయం ఎప్పుడూ పడలేదు.

ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు. ఈతకొలను దగ్గర వేడినీళ్ళ తొట్టిలో ఒక్క మాట పడిందంటే లోయంతా ఉడుకుతుంది.

అక్క


ఆర్హూస్
జనవరి 8, 2019

అక్కా,

పండుగ బాగా జరిగింది. నువ్వు పంపిన పొగబెట్టిన మాంసాన్ని కిర్‌స్టెన్ ఒక్కతే తిన్నది, నేను ముట్టలేదు.

డాక్టర్లు అలాగే అంటారు. నడువు, కొండెక్కు అనడం వాళ్ళకేం, పడేది వాళ్ళు కాదు. గొర్రెలకు మేత ఎవరు వేస్తున్నారు? ఇంకా నువ్వేనా? కొండరాణి సంగతి స్టెయినార్‌తో మాట్లాడావా? అడిగిన దానికి జవాబు రాయకుండా పొట్టేలు కథలు చెబుతున్నావు.

ఈ సెప్టెంబరుకైనా మళ్ళింపుకు రమ్మని క్రిస్మస్ కార్డులో రాశావు. మోకాలు సహకరించదు. దుకాణం ఉంది. చూద్దాం.

స్టెయినార్‌కు కూడా ఒక కార్డు పంపాను, పండుగ కదా అని.

గిస్లీ


హోల్ట్
ఫిబ్రవరి 17

గిస్లీ,

ఈ ఉత్తరాన్ని ఇప్పటికి రెండుసార్లు చింపి మళ్ళీ రాస్తున్నాను. అరికాలి మంట నెత్తికెక్కింది.

జనవరి మొదటి నుంచి స్టెయినార్ పిలవకుండానే వచ్చి మేత వేసి పోతున్నాడు. నేను లేచేసరికి గడ్డి మూటలు కొట్టంలోకి చేరి ఉంటున్నాయి. వాళ్ళావిడ మా ఇంటికొచ్చి కాఫీ కెటిల్ నా చేతిలోంచి లాక్కుని "నువ్వు కూర్చో, నే పోస్తా" అంటుంది. వేడినీళ్ళ తొట్టిలోకి నేను దిగగానే అందరూ వాతావరణం గురించి మాట్లాడుతున్నారు. నాకు వచ్చిన అనుమానం ఏమిటో తెలుసా? హోల్ట్ పొలం మీద స్టెయినార్ కన్నేశాడని! మొహం మీదే అనేశాను. పాపం, తల దించుకుని ట్రాక్టరెక్కి వెళ్ళిపోయాడు.

మొన్న శనివారం లోయ చలికాలపు విందు. పులిసిన మాంసం, కుళ్ళిన సొరచేప, సారా అన్నీ అయ్యాక ఎప్పటిలాగే పద్యాల వంతు వచ్చింది. ఆ ఏడాది లోయలో ఎవరు ఏ తెలివితక్కువ పని చేసినా ఆ పద్యాల్లో పడాల్సిందే కదా. పోయినేడు గొర్రెపిల్లను కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి బ్యాంకుకు తీసుకెళ్ళానని నా మీద ఏడు పద్యాలు చదివారు. ఈసారి పాస్టరుగారు సమాధుల మధ్య జారిపడటం దగ్గర నుంచి స్టెయినార్ కొత్త ట్రాక్టరు బురదలో దిగబడటం దాకా ఎవరినీ వదల్లేదు. నవ్వి నవ్వి నా వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. కుర్చీలు సర్దడం మొదలుపెట్టారు. నా పేరు రాలేదు.

నాతో పాటు ఇంకొక్కరి పేరే రాలేదు. ముసలి బ్యార్నీది. అతని భార్య క్రిస్మస్ ముందే పోయింది.

దుఃఖం ఉన్న ఇంటి మీద పద్యాలు కట్టరు కదా గిస్లీ. స్టెయినార్‌ను వంటగదిలోకి లాక్కెళ్ళాను.

"ఏమయ్యా, నా మీద పద్యమేది?"

"ఈ ఏడు... కుదర్లేదు హల్డోరా."

"కుదర్లేదా? పాస్టరు గారి మీద అన్ని కుదిరాయి, నా మీద ఒక్కటి కుదర్లేదా? మంచు తుపానులో నా చొక్కా ఎగిరిపోతే దిష్టిబొమ్మ చొక్కా వేసుకొచ్చాను, అది చాలదా మీకు?"

నేల చూపులు చూశాడు. "గిస్లీ రాశాడు. నీకింక ఎక్కువ రోజుల్లేవని. పోయే మనిషిని ఆట పట్టిస్తామా చెప్పు? మేమేం రాక్షసులమా?" వాడి కళ్ళలో నీళ్ళు. తాగినందుకు కూడా కొంత.

వసంతంలో రైతుల సమావేశం జరిగినప్పుడు కొత్త కొండరాజును ఎన్నుకుంటారట. అంతా మాట్లాడేసుకున్నారు. నన్ను బతికుండగానే పాతిపెట్టావు. నా రోగం నాది, దాన్ని ఊరికి పంచే హక్కు నీకెవరిచ్చారు?

నాకు ఉత్తరం రాయకు.

హల్డోరా


ఆర్హూస్
మార్చి 3

అక్కా,

రాయకు అన్నావు. రాస్తున్నాను.

ఎక్కువ రోజులు లేవని నేను రాయలేదు. ఎన్ని రోజులున్నాయో ఎవరికీ తెలియదని రాశాను, బరువులు మోయనివ్వకండి అని రాశాను. స్టెయినార్ సంగతి నీకు తెలుసు కదా, వాడికి గోరంత చెబితే కొండంత చేస్తాడు. వాడు చేసినదానికి నన్ను అంటే ఎలా?

కార్డు రాసినందుకు మాత్రం నేను పశ్చాత్తాపపడటం లేదు. నీకు కోపం వస్తే రానీ. మొదటి నెలల్లో అందరి మీదా కోపమే వస్తుంది. తర్వాత మెట్లు చూస్తే భయం, సంచి ఎత్తాలంటే భయం. ఆ తర్వాత మెల్లగా కుర్చీకి అలవాటు పడిపోతాం. అది అంత చెడ్డదేమీ కాదు. కనీసం ఉంటాం కదా.

గిస్లీ


ఆర్హూస్
ఏప్రిల్ 28

అక్కా,

ఇన్ని వారాలైనా ఒక్క ముక్క లేదు. స్టెయినార్‌కు ఫోను చేస్తే ఎత్తడం లేదు. నీకు చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. తిట్టడానికైనా ఒక కార్డు పంపు. ఖాళీ కార్డు పంపినా చాలు, చిరునామా నీ చేతిరాతతో ఉంటే చాలు.

గిస్లీ


హోల్ట్
మే 30

ఒరే మొద్దూ,

ఏప్రిల్ చివర నుంచి మే దాకా గొర్రెలు ఈనుతాయని కూడా మరిచిపోయావా? డెన్మార్క్ నీళ్ళు అంత వంటబట్టాయా? మోచేతుల దాకా పని. ఫోను కొట్టంలో గడ్డి కింద దొరికింది. స్టెయినార్‌కూ అదే పరిస్థితి. నేను చావలేదు. కవలల్నే ఎక్కువ ఈనాయి ఈసారి.

సమావేశం అయింది. స్టెయినార్ పేరు చదివారు. నేను లేచి నిలబడి, "ఈ ఏడాదికి నేనే. నన్ను పంపించాలనుకునే వాళ్ళు ముందు ఆ గట్టు నాతో పాటు ఎక్కండి" అన్నాను. గొంతు వణికింది, అందరికీ వినపడింది. స్టెయినార్ పేరు కొట్టేసి నా పేరే రాసుకున్నారు. ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టుకుని నాడి చూసుకుంటూ కూర్చున్నాను. ఎందుకన్నానా ఆ మాట అని ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

సరే, అసలు విషయం. ఈనే గొర్రె దగ్గర కూర్చుంటే ఆలోచించడానికి బోలెడు తీరిక. నీ ఉత్తరాలన్నీ కొట్టంలోకి తెచ్చుకుని మళ్ళీ చదివాను. యంత్రం గుయ్యిమంటుందని నేను నీకు రాయలేదు. ఊపిరి బిగబట్టమని రికార్డు గొంతు చెబుతుందనీ రాయలేదు. ఎడమవైపు పడుకుంటే దిండులోంచి చప్పుడు వస్తుందని నీకెవరు చెప్పారు? కుర్చీకి అలవాటు పడిపోతాం అన్నావు. పడిపోతావు అనలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వ్యవహారం.

సైకిలు దుకాణం పెట్టుకుని సైకిలెక్కవు. పొగబెట్టిన మాంసం అంటే ప్రాణం పెట్టేవాడివి, ముట్టలేదు. మళ్ళింపుకు రాక ఎన్నేళ్ళయింది? మోకాలా, నా తలకాయా!

ఎంతరా నీ అంకె?

అక్క


ఆర్హూస్
జూన్ 20

అక్కా,

రెండు వందల పన్నెండు.

నవ్వుకో. నీ దాంట్లో మూడో వంతు కూడా లేదు. రెండేళ్ళ కిందట తెలిసింది. డాక్టరు చెప్పిన రోజు సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చాను, ఎక్కలేదు. ఆ తర్వాత వారమే మంచి సైకిలు అమ్మేశాను. కిర్‌స్టెన్‌కు మోకాలని చెప్పాను. పైగదిలో పడక మానేసి కింద కుర్చీలో నిద్రపోతున్నాను, దానికీ మోకాలే కారణం. సముద్రంలో ఈతకు పోవడం మానేశాను. మాత్రలు పనిముట్ల డబ్బాలో దాచుకుంటాను. మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళితే ఇంకేం చెబుతాడోనని.

మన రక్తంలోనే ఉందేమో అని అనుమానం వచ్చి నీకు ఆ చీటీ పంపాను. నా సంగతి చెప్పి పంపాల్సింది, నోరు రాలేదు. నీ అంకె చదివినప్పుడు చక్రం కాలి మీద పడిందని రాశాను కదా. పడింది నిజమే. కానీ అంతకంటే ముందు ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది అక్కా. నేను ఒక్కణ్ణే కాదు, హమ్మయ్య అనిపించింది. తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది. అప్పటి నుంచీ నిన్ను ఎలాగైనా కూర్చోబెట్టాలని, కాపాడాలని... స్టెయినార్‌కు రాసిన కార్డు అందులోంచే వచ్చింది.

ఇంక నీకు చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

గిస్లీ


హోల్ట్
ఆగస్టు 18

గిస్లీ,

నీ అంకె చూసి ముందు నవ్వాను. అబద్ధమెందుకు, పగలబడి నవ్వాను. రెండు వందల పన్నెండుకే కుర్చీలో కూలబడ్డాడా వీడు అని. తర్వాత కొట్టంలోకి వెళ్ళి ఏడ్చాను. రెండేళ్ళు ఒక్కడివే ఎలా ఉన్నావురా? పక్కన మనిషిని పెట్టుకుని మోకాలు నొప్పని పడుకున్నావా? నీ జాలి నాకొద్దని తిట్టాను, నాకు నీ మీద ఇంత జాలి వస్తుందని అనుకోలేదు. గడ్డి కోతల్లో పడి వెంటనే రాయలేదు, అది కాస్త అబద్ధం. ఏం రాయాలో తెలియలేదు.

ముందు కిర్‌స్టెన్‌తో చెప్పు. తర్వాత డాక్టరు దగ్గరికి పో. ఇది అడగడం కాదు.

ఇంకొకటి. మళ్ళింపు జాబితా అచ్చయి ప్రతి ఇంటికీ పంచడం అయిపోయింది. హోల్ట్ వంతు ఈసారి ఇద్దరు మనుషులు. పై వరుసకు హల్డోరా, దాని కింద రెండో వరుసకు గిస్లీ. నేనే వేయించాను. అచ్చులో పేరు పడ్డాక సంగతేమిటో నీకు తెలుసు. రావాలి, లేదంటే నీకు బదులు మనిషిని పంపాలి. మన ఇంట్లో మూడు తరాలుగా బదులు మనిషిని పంపిన వాడు లేడు. నాన్న విరిగిన చేత్తో వెళ్ళాడు.

నేనేదో ధైర్యంగా రాస్తున్నాననుకోకు. రోజూ సాయంత్రం గట్టు ఎక్కుతున్నాను. ఇప్పుడు పై దాకా పోతున్నాను, ప్రతిసారీ సగంలో కాళ్ళు ఆగుతాయి, వాటిని తిట్టి నడిపిస్తున్నాను. ఆయాసం కాదు, భయమే. ఇంకా తగ్గలేదు. పై వరుసలో ఆ రోజు నాకేమైనా అయితే కింద వరుసలో మనవాడు ఒకడు ఉంటే బాగుండుననిపించింది. అంతే.

అక్క


ఆర్హూస్
ఆగస్టు 29

అక్కా,

కిర్‌స్టెన్‌కు చెప్పాను. చేతిలో ఉన్న గిన్నె గోడకేసి కొట్టింది. "రెండేళ్ళు నీ మోకాలికి తైలం రాశానే! రోజూ రాశానే!" అని ఒకటే అరుపు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే కారెక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

నన్నూ పట్టీ మీద పరుగెత్తించారు. నాలుగు అడుగులకే ఆయాసం వచ్చింది. గుండె వల్ల కాదట, రెండేళ్ళు కూర్చున్నందుకట. "సైకిల్ ఎందుకు మానేశారు?" అని డాక్టరు అడిగాడు. మీరే కదా అన్నాను. కాగితాలు తిరగేసి చూశాడు. "మానమని ఎవరూ చెప్పలేదే! తొక్కమనే రాసి ఉంది ఇక్కడ" అన్నాడు. నిజమే అక్కా. ఎవరూ చెప్పలేదు. ఆ రోజు అంకె విన్నాక ఆయన చెప్పినది ఒక్క ముక్క కూడా నా చెవికెక్కలేదు.

ఇదంతా తెలిశాక కూడా కొండ మాట తలుచుకుంటే అరచేతులు చెమట పడుతున్నాయి. క్షమించు. అక్యురేరిలో ఒక కుస్తీ ఆటగాడిని మాట్లాడాను. బలమైన మనిషి, కొండలు తెలిసినవాడు. నా బదులు వస్తాడు. నాన్న సంగతి ఎత్తి నన్ను సిగ్గుపడేలా చెయ్యకు, ఆ పని నేనే చేసుకుంటున్నాను.

గిస్లీ


హోల్ట్
సెప్టెంబరు 22

గిస్లీ,

నాకు కోపం వచ్చిందని, అందుకే మళ్ళించిన గొర్రెల్ని పంచుకునే దొడ్డి దగ్గర నీతో ఒక్క మాటైనా మాట్లాడకుండా తిరిగానని, విమానమెక్కే దాకా నువ్వు కుమిలిపోయావని కిర్‌స్టెన్ ఫోనులో చెప్పింది. వెనకబడి వరుస చెడగొట్టానని అక్క అలిగింది అన్నావట. కూర్చుని శాంతంగా చదువు.

మళ్ళింపు ముందు రోజు సాయంత్రం ఆ కుస్తీ ఆయన కారు దిగుతుంటే, వెనక తలుపు తెరుచుకుని నువ్వూ దిగావు. బదులు మనిషీ వచ్చాడు, అసలు మనిషీ వచ్చాడు. "హోల్టువాళ్ళు ఈ ఏడు ఒకటి కొంటే ఒకటి ఉచితం ఇస్తున్నారు" అని స్టెయినార్ అంటే లోయంతా నవ్వింది. నా మీద వాళ్ళు నవ్వి ఎన్నాళ్ళయిందో. నీకు తెలియదు కానీ ఆ నవ్వుకు నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు నేను పైకి, నువ్వు నా కింద రెండో వరుసకు. పొద్దున బాగానే ఉంది. ఎర్ర బండ దాటాక పొగమంచు దిగింది. నా గుర్రం చెవులు కూడా నాకు కనపడలేదు. దిగి నడిపించుకుంటూ పోయాను. కేకలు మొదలుపెట్టాం. నేను హో అంటే కింద నుంచి నువ్వు హో అనాలి, నీ కింద స్టెయినార్ అనాలి. పొగమంచులో మనకు ఇంకేమీ లేదు, కేకకు కేక రావాలి. నీ గొంతు మొదట్లో బొంగురుగా వచ్చింది. ఏళ్ళ తరబడి కేక వెయ్యని గొంతు. తర్వాత బాగా పుంజుకుంది. నాన్న గొంతులా ఉంది, నీకెప్పుడైనా చెప్పారా ఎవరైనా?

సగం దూరంలో నా కాళ్ళు ఆగాయి. గట్టు మీద ఆగినట్టే. చెయ్యి మణికట్టు మీదికి పోయింది. ఆ చలిలో చేతి తొడుగు విప్పి నాడి వెతుక్కుంటున్నాను. ఇక్కడ పడిపోతే ఎవరికీ కనపడను కదా అనుకుంటున్నాను. అదే సమయానికి నేను వేసిన కేకకు జవాబు రాలేదు.

మళ్ళీ హో అన్నాను. లేదు. మళ్ళీ అన్నాను. కింద ఎక్కడో స్టెయినార్ కేక సన్నగా వినిపించింది. మధ్యలో ఉండాల్సిన నీ గొంతు లేదు.

గుర్రాన్ని అక్కడే వదిలేశాను. కొండరాణి వరుస వదలకూడదు, వదిలేశాను. రాళ్ళ మీద జారుతూ, పడుతూ, గిస్లీ గిస్లీ అని అరుస్తూ కిందికి పరుగెత్తాను. నా గుండె కొట్టుకుంటోందా లేదా అని ఒక్కసారి కూడా నాకు తోచలేదు. నాన్న గడ్డి మీద ఎలా పడి ఉన్నాడో అలాగే నువ్వు కనిపిస్తున్నావు. నేనే వీడి పేరు అచ్చు వేయించాను, కుర్చీలో బతికి ఉన్నవాడిని లాక్కొచ్చి చంపుకున్నాను అనుకున్నాను. ఎలాగైనా వాడిని మళ్ళీ ఆ కుర్చీలోనే కూర్చోబెట్టు, ఇంకెప్పుడూ ఎక్కడికీ రమ్మనను అని మొక్కుకున్నాను. నేను ఎవరికీ మొక్కే మనిషిని కానని నీకు తెలుసు.

అప్పుడు తెలిసింది గిస్లీ, స్టెయినార్‌కు ఆ కార్డు నువ్వు ఎలా రాశావో. ఆ క్షణంలో నా దగ్గర కలం కాగితం ఉంటే నేను అంతకంటే ఘోరంగా రాసేదాన్ని. ప్రధానమంత్రికి కూడా రాసేదాన్ని.

పొగమంచు పలచబడి నువ్వు కనిపించావు. రాతి మీద కూర్చుని తడిసిన మేజోళ్ళు మార్చుకుంటున్నావు. తల కూడా ఎత్తలేదు. నీ వీపు కదులుతోంది, ఊపిరి తీస్తున్నావు. నన్ను నువ్వు చూడలేదు. చూసి ఉంటే నేను ఏం చేసేదాన్నో నాకే తెలియదు, కొట్టేదాన్నో కావలించుకునేదాన్నో. అందుకే చప్పుడు చెయ్యకుండా వెనక్కి ఎక్కి గుర్రాన్ని పట్టుకుని పైనుంచి మళ్ళీ హో అన్నాను. అప్పుడు తీరిగ్గా పలికావు.

దొడ్డి దగ్గర నీ మొహం చూస్తే ఏడ్చేసేదాన్ని. అందరి ముందూ ఏడవలేక గొర్రెల వెనక తిరిగాను. అలక కాదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను, వచ్చే ఏడూ నీ పేరు అచ్చులో ఉంటుంది కాబట్టి. మేజోళ్ళు మార్చుకో, కూర్చో, భయమైతే భయపడు, నేనూ పడుతున్నాను. కానీ పొగమంచులో మనిషి పిలిస్తే పలకాలిరా, దున్నపోతా.

అక్క